ఎల్‌సీఆర్-టీ4 టెస్టర్ కొనండి, కానీ అది చెప్పిందల్లా నమ్మకండి

పాత బోర్డుల నుంచి పార్టులు ఊడదీసి డబ్బాలో దాచుకునే అలవాటు ఉంటే ఈ తిప్పలు మీకూ తెలిసే ఉంటాయి. డబ్బా నిండిపోతుంది కానీ అందులో ఏది ఏంటో తెలీదు. టీఓ-92 అనే మూడు కాళ్ల నల్లటి ప్లాస్టిక్ ముక్క మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి, అది ట్రాన్సిస్టరో, చిన్న రెగ్యులేటరో, టెంపరేచర్ సెన్సరో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా పార్టు ఏదో గుర్తుపట్టే ఎల్‌సీఆర్-టీ4 అనే చిన్న టెస్టర్ తీసుకోమంటారు. చాలావాటికి డబ్బా కూడా ఉండదు, ఉత్త బోర్డు వస్తుంది: చిన్న డిస్‌ప్లే, పార్టు కాళ్లు పెట్టి లివర్‌తో బిగించే జిఫ్ సాకెట్, ఒక బటన్, 9 వోల్టుల బ్యాటరీకి క్లిప్.

చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తా. సాకెట్లో పెట్టింది ఏ పార్టు, దాని ఏ కాలు ఏది అనే రెండు ప్రశ్నలకి ఇంత సులువుగా, ఇంత త్వరగా జవాబు చెప్పే పరికరం ఇంట్లో వాడుకునే స్థాయిలో నేను ఇంకోటి చూడలేదు. ఆ పార్టు రేపు మీ సర్క్యూట్లో లోడు తట్టుకుంటుందా అన్న మూడో ప్రశ్నకి మాత్రం దీన్ని అడగొద్దు. మొదటి రెండూ కరెక్టుగా చెప్పింది కదా అని మూడోది కూడా అడగడం దగ్గరే అందరికీ తేడా కొడుతుంది.

ఇది ఏ కంపెనీ సొంత డిజైనూ కాదు. మార్కుస్ ఫ్రేయెక్ అనే జర్మన్ హాబీయిస్టు ఏవీఆర్ అనే రకం మైక్రోకంట్రోలర్ చిప్పుతో తయారుచేసిన ట్రాన్సిస్టర్ టెస్టర్ దీనికి మూలం, దాన్ని కార్ల్-హైన్జ్ క్యూబెలర్ చాలా పెద్ద ప్రాజెక్టుగా పెంచాడు, సోర్స్ కోడూ వివరమైన డాక్యుమెంటూ అన్నీ బయట పెట్టారు. మార్కెట్లో దొరికేవి దాదాపు అన్నీ దాని కాపీలే. అందుకే ఒకే పేరుతో కొన్న రెండు బోర్డులు ఒకేలా ఉండవు, ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాము) కూడా తేడాగా ఉంటుంది. ఇది దాని లోపమూ, అందమూ రెండూ.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే దీన్ని ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. సాకెట్లో మూడు టెస్ట్ పాయింట్లు ఉంటాయి. ఒక్కోదానికీ 680 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 470 కిలోఓమ్‌లది ఒకటి, అంతే, మొత్తం ఆరు రెసిస్టర్లు, అవి ఏటీమెగా328 అనే చిప్పు పిన్నులకి వెళ్తాయి, వోల్టేజీ చూడటానికి ఆ పాయింట్లు నేరుగా కూడా చిప్పుకి కలిసి ఉంటాయి. చిప్పు ఒక కాలికి 5 వోల్టులు ఇస్తుంది, ఇంకోదాన్ని గ్రౌండ్ చేస్తుంది, మూడోదాన్ని గాల్లో వదిలి చూస్తుంది, తర్వాత మూడోదానికి రెసిస్టర్ ద్వారా కాస్త కరెంటు ఇచ్చి మళ్లీ చూస్తుంది. ఇలా కాళ్లని అన్ని రకాలుగా మార్చి మార్చి చేస్తుంది. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ప్రోబులు మార్చుకుంటూ మనం చేసేదీ ఇదే. ట్రాన్సిస్టర్ మూడు కాళ్లయిన బేస్, కలెక్టర్, ఎమిటర్‌లలో బేస్ ఎక్కడుందో దానితోనూ దొరుకుతుంది, కలెక్టర్ ఏది ఎమిటర్ ఏది అన్నది తేల్చాలంటే బేస్-ఎమిటర్ రీడింగు పిసరంత ఎక్కువ ఉంటుందనే క్లూ పట్టుకుని కళ్లు చికిలించి చూడాలి. టెస్టర్ అయితే బటన్ నొక్కాక టీ కప్పు పక్కన పెట్టేలోగా బొమ్మ గీసి మరీ చూపిస్తుంది. ఎల్‌ఈడీ పెట్టి నొక్కితే పరీక్ష జరుగుతుండగా అది మినుక్కుమనడం కూడా కనిపిస్తుంది. ఎర్రదైతే దాదాపు 2 వోల్టులు, నీలం, తెలుపు అయితే 3కి అటూఇటూ చూపిస్తుంది, కాబట్టి పారదర్శకంగా ఉన్న ఎల్‌ఈడీ ఏ రంగుదో వెలిగించక ముందే ఊహించొచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే. 5 వోల్టులు, 680 ఓమ్‌లు. అంటే పార్టు గుండా పోయే కరెంటు మహా అయితే 7 మిల్లీయాంపులు. ఆ చిన్న కరెంటు దగ్గర చూసిందే మీకు చెబుతుంది, అంతకు మించి దానికి తెలిసే దారి లేదు.

బాగా పనికొచ్చేది పిన్అవుట్ దగ్గర, అంటే ఏ కాలు ఏదో తేల్చే చోట. 2ఎన్2222 అనే ట్రాన్సిస్టర్ కథ చూడండి. పీఎన్2222ఏ అనే ప్లాస్టిక్ రకానికి చదునువైపు మనకు పెట్టుకుంటే ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. మధ్యలో ఇంకో 2 చేరిన పీ2ఎన్2222ఏకి సరిగ్గా తిరగేసి, కలెక్టర్, బేస్, ఎమిటర్. బయటికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. బేస్ మధ్యలోనే ఉంది కాబట్టి తిరగేసి పెట్టినా పూర్తిగా చచ్చిపోదు, గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) బాగా పడిపోయి రిలే ఒకసారి లాగుతుంది ఒకసారి లాగదు, మనమేమో ప్రోగ్రాములో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. ఇలాంటి తలనొప్పి టెస్టర్‌తో ఒక్క నొక్కుడుకి పోతుంది. బీసీ547, 2ఎన్3904 అనే ట్రాన్సిస్టర్లు రెండూ కలిపి వాడేవాళ్లకీ ఇదే గొడవ, వాటి కాళ్లు కూడా ఒకదానికొకటి తిరగబడి ఉంటాయి. నన్నడిగితే ఈ ఒక్క పని కోసం కొన్నా డబ్బులు వచ్చేసినట్టే.

గెయిన్ నంబరు కూడా చూపిస్తుంది, చిన్న సిగ్నల్ ట్రాన్సిస్టర్లకి అది పర్వాలేదు. బీసీ547లో ఏ గ్రూపుది 110 నుంచి 220, బీ గ్రూపుది 200 నుంచి 450, సీ గ్రూపుది 420 నుంచి 800 మధ్య ఉండాలి, చివరి అక్షరం చెరిగిపోయిన వాటిని దీంతో సుమారుగా వేరు చేసుకోవచ్చు. ఆడియో సర్క్యూట్‌కి జతలు ఏరుకోవడానికీ వాడుతున్నా, బానే ఉంది. వేళ్లతో పట్టుకున్న వేడికే నంబరు జరుగుతుంది కాబట్టి సాకెట్లో పెట్టి కాసేపు వదిలేసి అప్పుడు నొక్కండి.

పెద్ద ట్రాన్సిస్టర్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం కథ వేరు. 2ఎన్3055 లాంటి పవర్ ట్రాన్సిస్టర్‌ని 7 మిల్లీయాంపుల దగ్గర చూసి దాని గెయిన్ ఇంత అంటే, అది యాంపుల్లో పనిచేసేటప్పుడు ఏం చేస్తుందో తెలిసినట్టు కాదు. పెద్ద లోహపు టోపీ కింద చిన్న చిప్పు పెట్టి అమ్మే నకిలీలు ఈ టెస్టర్ ముందు నిటారుగా నిలబడి పాసైపోతాయి. టీఐపీ120 లాంటి డార్లింగ్టన్‌లలో, అంటే రెండు ట్రాన్సిస్టర్లు జతచేసి ఒకటిగా చేసిన వాటిలో, లోపలే రెసిస్టర్లు ఉంటాయి, అవి బేస్ కరెంటులో కొంత పక్కకి లాగేసుకుంటాయి, అక్కడ చూపించే నంబరుకి అర్థమే లేదు.

గేట్ అనే కాలికిచ్చే వోల్టేజీతో ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్లయిన మాస్ఫెట్ల విషయంలో ఇంకో రకంగా మోసపోతారు. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్ఫెట్ పెట్టారనుకోండి, ఎన్-చానెల్ అని, కాళ్లు ఇవీ అని, త్రెషోల్డ్ 3 వోల్టులకి అటూఇటూ అని చూపిస్తుంది. అది చూసి, ఓహో 5 వోల్టుల ఆర్డుయినో (మైక్రోకంట్రోలర్ బోర్డు) పిన్నుతో ఫుల్లుగా ఆన్ అవుతుందన్నమాట అనుకుని మోటారు తగిలిస్తారు, మాస్ఫెట్ కాలిపోతున్నంత వేడెక్కుతుంది. త్రెషోల్డ్ అంటే తలుపు అప్పుడే కాస్త తెరుచుకోవడం మొదలైన చోటు మాత్రమే, డేటాషీట్‌లో ఆ నంబరు 250 మైక్రోయాంపుల దగ్గరిది. ఆ పార్టు రెసిస్టెన్స్ 17.5 మిల్లీఓమ్‌లకి దిగుతుందని రాసేది గేట్ మీద 10 వోల్టులు ఉన్నప్పుడు. 5 వోల్టులతో నడపాలంటే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ లాంటి లాజిక్ లెవెల్ రకం కావాలి, దాని త్రెషోల్డ్ 1 నుంచి 2 వోల్టుల మధ్య ఉంటుంది. అంటే ఈ రెండింటినీ ఒకదాన్నుంచి ఒకటి వేరు చేయడానికి టెస్టర్ భేషుగ్గా పనికొస్తుంది, మోటారు నడుపుతుందా లేదా అన్నది తేల్చడానికి పనికిరాదు.

కెపాసిటర్లకి వస్తే, పాత ఎలక్ట్రోలైటిక్‌లు ఏరడంలో ఇది నాకు బాగా నచ్చింది. మామూలు మల్టీమీటర్ విలువ మాత్రం చూపిస్తుంది, ఇది దాంతోపాటు ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) కూడా ఇస్తుంది, ఛార్జీ కారిపోవడాన్ని శాతంలో చూపిస్తుంది. పాత పవర్ సప్లైలోంచి తీసిన 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ 900 చూపిస్తే ఏమీ అనుకోనక్కర్లేదు, వీటికి 20 శాతం అటూఇటూ మామూలే. కానీ అంత విలువున్న దాని ఈఎస్‌ఆర్ రెండు మూడు ఓమ్‌లు వచ్చిందంటే ఇంక ఆలోచించకండి, చెత్తబుట్టలో వేయండి. పైన ఉబ్బు లేదు, కింద కారలేదు అని దాచుకున్నవే చాలావరకు ఇలా పట్టుబడతాయి.

చిన్నవాటి దగ్గర చేతులెత్తేస్తుంది. దాదాపు 25 పీకోఫారడ్‌ల కంటే తక్కువైతే దానికి ఆనవు. 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పక్కన పెట్టే 22 పీకోఫారడ్‌ల సిరామిక్ పెడితే "నో, అన్‌నోన్, ఆర్ డామేజ్డ్ పార్ట్" అని వస్తుంది. ఆ మెసేజ్ చూసి మంచి కెపాసిటర్లు పారేయకండి, అది కాలిపోయిందనీ కావచ్చు, నాకు తెలీదనీ కావచ్చు, రెండింటికీ దాని దగ్గర ఉన్నది ఒకటే మాట. కాయిల్‌లు కూడా అంతే, 0.01 మిల్లీహెన్రీ కంటే సన్నగా చూడలేదు. వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్‌లో వాడే 33 మైక్రోహెన్రీల కాయిల్‌ని 0.03 మిల్లీహెన్రీ అంటుంది, అది 28 మైక్రోహెన్రీలు కావచ్చు, 34 కూడా కావచ్చు. దాని మీద డిజైన్ చేయలేం. కరెంటు కొలవడానికి పెట్టే 0.1 ఓమ్ షంట్ రెసిస్టర్‌కి అసలు వాడకండి.

దాన్ని పూర్తిగా గందరగోళపెట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. 78ఎల్05, టీఎల్431, డీఎస్18బీ20, ఇవన్నీ మూడు కాళ్లతో ట్రాన్సిస్టర్‌లాగే కనిపించే ఐసీలు. వీటిని పెడితే లోపలి జంక్షన్లు చూసి రెండు డయోడ్లనో, ఇంకేదో పొంతన లేనిదో గీసి చూపిస్తుంది. దాని తప్పేం లేదు పాపం, ఐసీలని చదవడానికి చేసింది కాదు. ట్రాన్సిస్టర్ అని మీరనుకున్నది రెండు డయోడ్లుగా కనిపిస్తే భూతద్దం తీసి మార్కింగ్ చూడండి. ఒక నిర్దిష్ట వోల్టేజీ దగ్గర వెనక్కి కరెంటు వదిలే జీనర్ డయోడ్ల సంగతీ అంతే, మొత్తం సరఫరానే 5 వోల్టులు కాబట్టి 4.5 వోల్టులు దాటిన జీనర్ దీనికి మామూలు డయోడే. కాస్త ఎక్కువ పెట్టి టీసీ1 అనే రంగుల డిస్‌ప్లే మోడల్ తీసుకుంటే 30 వోల్టుల దాకా జీనర్లు చూస్తుంది, రిమోట్ కోడ్ కూడా చదువుతుంది, లోపల ఛార్జ్ చేసుకునే బ్యాటరీ ఉంటుంది. జీనర్ల పని ఎక్కువుంటే అదే మేలు. లేకపోతే టీ4 చాలు, రంగులు చూసి టెంప్ట్ అవ్వకండి.

ఇక ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతా. కెపాసిటర్‌ని డిశ్చార్జ్ చేయకుండా ఈ సాకెట్లో పెట్టొద్దు. పైన చెప్పినట్టు ఆ మూడు పాయింట్లూ నేరుగా చిప్పుకి వెళ్తాయి, చాలా బోర్డుల్లో మధ్యలో రక్షణ ఏమీ ఉండదు. పవర్ సప్లైలోంచి తీసిన పెద్ద కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జీ చాలు, చిప్పు అక్కడికక్కడే పోతుంది, లేదా ఇంకా దారుణంగా, ఒక పిన్ను మాత్రం సగం దెబ్బతిని ఆ తర్వాత అన్నీ తప్పు రీడింగులు ఇస్తుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం కాదు, ఒక రెసిస్టర్ పెట్టి ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సున్నా చూసుకుని అప్పుడు పెట్టండి. అలాగే బోర్డు మీద ఉన్న పార్టుకి వైర్లు లాగి చూడొద్దు, చుట్టూ ఉన్నవన్నీ కలిపి కొలిచి ఏదో ఒకటి చెబుతుంది.

కొన్నాక మొదట చేయాల్సింది సెల్ఫ్ టెస్ట్. 1, 2, 3 పాయింట్లు మూడూ వైరుతో కలిపి బటన్ నొక్కితే మొదలవుతుంది, మధ్యలో వైర్లు తీసేయమంటుంది, కొన్ని ఫర్మ్‌వేర్‌లలో చివర్లో 1కి 3కి మధ్య 100 నానోఫారడ్‌లకి మించిన కెపాసిటర్ పెట్టమంటుంది. ఫిల్మ్ రకం పెట్టండి. మొసలి క్లిప్పుల వైర్లు తగిలించి వాడేవాళ్లు ఆ వైర్లతోనే ఇది చేయాలి, లేకపోతే వైర్ల సొంత కెపాసిటెన్స్ చిన్న రీడింగులన్నింటిలో కలిసిపోతుంది. ఇది చేయకుండా తక్కువ మార్కులిచ్చి తిట్టిన రివ్యూలు బోలెడు కనిపిస్తాయి.

9 వోల్టుల బ్యాటరీ మాత్రం చికాకే. బ్యాక్‌లైట్ తాగేస్తుంది, వోల్టేజీ పడిపోతే వెలిగినట్టే వెలిగి ఆరిపోతుంది. ఎప్పుడూ టేబుల్ మీదే వాడేవాళ్లు 9 వోల్టుల అడాప్టర్ పెట్టుకోవడం నయం, క్లిప్ వైర్లకే కలపొచ్చు, పోలారిటీ చూసుకుని. అడుగున టంకం వేసిన కాళ్లు బయటికే ఉంటాయి కాబట్టి స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తుగా నిలిపే చిన్న స్తంభాలు) బిగించి పెట్టండి, టేబుల్ మీద పడున్న తెగిన కాలు ముక్క ఒక్కటి కింద తగిలినా రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి.