తొలి ఓడ ప్రయాణానికి కొర్డెలియా ఎంప్రెస్: కొత్త జంటలకు నా మాట

క్రూజ్ అంటే సింగపూర్ నుంచే ఎక్కాలని మా ఆయన పట్టుబట్టారు. వీసా, విమానం ఖర్చులు లెక్కేశాక ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లే కొర్డెలియా ఎంప్రెస్ ఎక్కాం. మొదటిసారి వెళ్లే జంటకి ఇదే మేలని గట్టిగా చెబుతాను.

ఓడ కొత్తదేం కాదు. 1990లో రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్లు నార్డిక్ ఎంప్రెస్ పేరుతో దించింది, 2021 నుంచి మన తీరంలో తిరుగుతోంది. ఇప్పటి భారీ ఓడల వీడియోలు చూసి వెళితే చిన్నదిగా కనిపిస్తుంది. నాకు అదే నచ్చింది, దారులు ఇట్టే తెలిసిపోయాయి.

గది దగ్గర మాత్రం తొందరపడొద్దు. కిటికీ లేని లోపలి గది చవకే, కానీ తెల్లారిందో లేదో కూడా తెలియదు. ఒక రాత్రి తగ్గించుకునైనా సముద్రం కనిపించే గది తీసుకోండి. అదీ ఓడ నడిమధ్యలో, కింది అంతస్తుల్లో. ముందు భాగంలో, పైన ఊపు ఎక్కువ. కడుపులో తిప్పేవాళ్లకి నరకం. వానాకాలం అసలు వద్దు.

భోజనం టికెట్లోనే, శాకాహారులకి లోటు లేదు. మద్యం, స్పా, ఒడ్డున విహారాలకి వేరే కట్టాలి.

లక్షద్వీప్‌లోని అగత్తి దీవి దగ్గర ఓడ దూరంగా ఆగుతుంది, చిన్న పడవల్లో దింపుతారు. అలలు పెద్దవైతే దింపరు, ముందే మనసు సిద్ధం చేసుకోండి. దిగితే మాత్రం, ఆ లాగూన్ (పగడపు దిబ్బల లోపలి లోతు తక్కువ సముద్రం) నీళ్ల రంగు! బాల్కనీ గదికి పోసే డబ్బు అక్కడ స్నార్కెలింగ్‌కి, అంటే గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపై తేలి అడుగున ఉన్నవి చూడటానికి, పెట్టండి.