పాత కన్సోళ్లలో సాటా అడాప్టర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

ప్లేస్టేషన్ 2 పెద్ద మోడల్, మొదటి తరం ఎక్స్‌బాక్స్, ఈ రెండు ఆట యంత్రాల్లోనూ ఆరేళ్లుగా సాటా అడాప్టర్ల (కొత్త రకం డిస్కును పాత యంత్రానికి తగిలించే చిన్న బోర్డుల) ద్వారానే హార్డ్ డిస్కులను నడుపుతున్నాను. ఈ కాలంలో మొత్తం నాలుగు అడాప్టర్లు వాడి చూడగా రెండు ఇప్పటికీ ఏ పేచీ లేకుండా పనిచేస్తున్నాయి, మిగిలిన రెండూ డబ్బాలోకి చేరాయి. మొదట్లో నా శ్రద్ధంతా ఏ డిస్కు కొనాలన్న దాని మీదే ఉండేది. ఇప్పుడు ముందు అడాప్టర్‌ను తేల్చుకుని, ఆ తర్వాతే డిస్కు సంగతి చూస్తాను.

కారణం సులభంగానే అర్థమవుతుంది. 2000, 2001 సంవత్సరాల్లో వచ్చిన ఈ యంత్రాలకు తెలిసినది ఐడీఈ అనే పాత డిస్కు అనుసంధాన పద్ధతి ఒక్కటే. నేడు దొరికే డిస్కులకు తెలిసినది దాని తర్వాత వచ్చిన సాటా. అడాప్టర్ మీది చిన్న చిప్పు ఆ రెంటి మధ్య దుబాసీగా కూర్చుంటుంది. కన్సోల్ పంపిన ప్రతి ఆదేశాన్నీ అది డిస్కుకు చేరవేయాలి. చదవడం, రాయడం వంటి రోజువారీ ఆదేశాలను మాత్రమే చేరవేసి, అరుదుగా వచ్చేవాటిని మింగేస్తే చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ప్లేస్టేషన్ 2 విషయంలో పని తేలిక. వెనుక విస్తరణ అర ఉన్న మోడళ్లకు నెట్‌వర్క్ అడాప్టర్ బిగుస్తుంది, అందులో ఐడీఈ కనెక్టర్ ఉన్న చిన్న బోర్డును తీసి, అదే కొలతలతో దొరికే సాటా బోర్డును పెడితే చాలు. నెట్‌వర్క్ పోర్టు యథాతథంగా మిగులుతుంది. 2004లో వచ్చిన సన్నని మోడల్‌లో ఆ అర లేదు కనుక ఈ మార్గం దానికి వర్తించదు. నేను మొదట తొందరపడి, నెట్‌వర్క్ పోర్టు లేకుండా నేరుగా సాటాతో వచ్చే నకలు అడాప్టర్‌ను కొన్నాను. ఒక డిస్కును గుర్తించేది, మరొక డిస్కును గుర్తించేది కాదు. కన్సోల్‌ను కాస్త కదిలిస్తే ఆట మధ్యలో ఆగిపోయేది. అసలు అడాప్టర్‌లో సాటా బోర్డు మార్చిన తర్వాత ఇన్నేళ్లలో అలాంటిది ఒక్కసారి కూడా జరగలేదు.

నా ఆటల డీవీడీల నుంచి తీసుకున్న ప్రతులను ఓపెన్ పీఎస్2 లోడర్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుపుతాను. పాత 28 బిట్ల చిరునామా పద్ధతిలో 137 జీబీ దగ్గర ఆగిపోయే పరిమితి ఈ సాఫ్ట్‌వేర్‌కు లేదు, 2 టీబీ వరకు తీసుకుంటుంది. అయితే వేగం విషయంలో ఆశలు అదుపులో ఉంచుకోవాలి. కన్సోల్ డీవీడీ డ్రైవ్ సెకనుకు సుమారు 5 ఎంబీ చదువుతుంది, ఆటలన్నీ ఆ వేగాన్ని లెక్కలో పెట్టుకునే రాశారు. హార్డ్ డిస్కు నుంచి నడిపినప్పుడు దక్కే లాభం ప్రధానంగా లెన్సు అటూఇటూ జరిగే కాలం తప్పిపోవడమే. మామూలు 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని డిస్కు) పెట్టినప్పుడు నాకు ఆటల్లో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, మోత మాత్రం పూర్తిగా పోయింది. కొన్ని ఆటలైతే డేటా అనుకున్న దానికంటే ముందే వచ్చేస్తే తడబడతాయి. వాటికోసం లోడర్‌లో మొదటి అనుకూలత మోడ్‌ను ఎంచుకోవలసి వస్తుంది. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, 2.5 అంగుళాల డిస్కు బరువంతా సాటా కనెక్టర్ మీదే వేలాడకూడదు. కన్సోల్‌ను నిలువుగా పెట్టుకునే అలవాటు ఉన్నవారు తప్పకుండా చిన్న బ్రాకెట్ బిగించుకోవాలి.

నన్ను నిజంగా విసిగించినది ఎక్స్‌బాక్స్. దీనిలో 8 లేదా 10 జీబీ డిస్కు పుట్టుకతోనే ఉంటుంది, దానికి ఏటీఏ (డిస్కులకు ఆదేశాలిచ్చే ప్రమాణం) పాస్‌వర్డ్‌తో లాక్ వేసి ఉంటుంది, ఆ తాళంచెవి మదర్‌బోర్డులోని ఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్పులో దాగి ఉంటుంది. మాడ్‌చిప్ (కన్సోల్ రక్షణను దాటడానికి పెట్టే అదనపు చిప్పు) లేకుండా సాఫ్ట్‌మాడ్ (అదే పని చేసే సాఫ్ట్‌వేర్ మార్పు) మీదే నడిపేవారు కొత్త డిస్కుకు కూడా అదే లాక్ వేయాలి. నా మొదటి అడాప్టర్ డేటాను చక్కగా చదివేది, రాసేది, కానీ లాక్ ఆదేశాలను డిస్కుకు చేరవేసేది కాదు. మూడు సాయంత్రాలు డిస్కునే అనుమానించాను. తెర మీద కనిపించిన 05 సంఖ్యకు డిస్కు లాక్ కాలేదని అర్థమని తెలిసిన తర్వాత గానీ అసలు దొంగ దొరకలేదు. అందువల్ల సాఫ్ట్‌మాడ్ వాడేవారికి నా సలహా ఒక్కటే: ఏటీఏ భద్రతా ఆదేశాలను డిస్కుకు చేరవేసే అడాప్టర్ అని రూఢి చేసుకోకుండా కొనవద్దు.

ఎక్స్‌బాక్స్‌లో అడాప్టర్ మీది జంపర్‌ను (పిన్నులను కలిపే చిన్న తొడుగును) మాస్టర్‌కు, అంటే మొదటి పరికరంగా, పెట్టాలి, ఎందుకంటే డీవీడీ డ్రైవ్ అదే రిబ్బన్ కేబుల్ మీద స్లేవ్‌గా, అంటే రెండవదిగా, కూర్చుని ఉంటుంది. వేగం పెంచుకోవాలంటే ఆ కేబుల్‌ను కూడా మార్చవలసిందే. కన్సోల్‌తో వచ్చినది 40 తీగలది, యూడీఎంఏ 2 అనే డేటా బదిలీ వేగానికి, అంటే సెకనుకు 33 ఎంబీకి సరిపోయేది. మార్పు చేసిన బయాస్‌తో (కన్సోల్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌తో) అంతకు మించి వేగం పెంచాలంటే 80 తీగల కేబుల్ తప్పనిసరి. పాత కేబుల్‌తోనే పెంచి చూసినప్పుడు ఫైళ్లు పాడయ్యాయి. వేగం పెంచినందువల్ల ఆట లోపల కంటే, పెద్ద ఫైళ్లను ఒక చోటి నుంచి మరొక చోటికి మార్చేటప్పుడే ఎక్కువ ఉపయోగం కనిపించింది.

పెద్ద డిస్కులకు మరొక గండం క్లస్టర్ పరిమాణం, అంటే ఫైళ్లకు డిస్కులో ఒక్కో ముక్కగా కేటాయించే చోటు. డిస్కులోని అదనపు చోటుకు వాడే ఎఫ్ విభజన 256 జీబీ దాటితే 32 కేబీ, 512 జీబీ దాటితే 64 కేబీ క్లస్టర్లు ఉండాలి. తప్పు పరిమాణంతో ఫార్మాట్ చేసినా మొదట్లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది, డిస్కు నిండుతూ వచ్చినప్పుడే పాత ఫైళ్ల మీద కొత్తవి పడి నాశనమవుతాయి. నాకు ఇది ఎనిమిది నెలల తర్వాత బయటపడింది, అప్పటికి సేవ్ ఫైళ్లు సగం పోయాయి.

విద్యుత్తు తీగ గురించి చాలామంది పట్టించుకోరు. పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి సాటాకు మార్చే తీగల్లో, ప్లాస్టిక్‌ను కరిగించి ఒకే ముద్దగా పోత పోసిన రకంలో లోపల తీగలు దగ్గరై షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. నేను వాడిన ఒకదాని చివర గోధుమ రంగుకు తిరిగిన రోజే తీసేసి, ప్రతి తీగనూ విడిగా నొక్కి బిగించిన రకానికి మారాను. ఈ కన్సోళ్లు ట్రిమ్ ఆదేశం (ఏ చోటు ఖాళీ అయిందో ఎస్ఎస్‌డీకి చెప్పేది) పంపవు కాబట్టి ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందేమోనని నేనూ మొదట్లో భయపడ్డాను; చదవడమే తప్ప రాయడం తక్కువైన ఈ వాడకంలో ఇంతవరకు ఏ తేడా రాలేదు.

ఎక్స్‌బాక్స్ మూత తెరిచినప్పుడే, దాని బోర్డు 1.6 వెర్షన్ కంటే ముందుదైతే, గడియారానికి శక్తినిచ్చే కెపాసిటర్‌ను ఊడదీయడం మంచిది, అది కారి బోర్డు మీది తీగలను తినేస్తుంది. పాత డిస్కును తీసే ముందు ఈప్రామ్ ప్రతిని కంప్యూటర్‌లో దాచుకోవాలి. ఆ ప్రతి లేకుండా మదర్‌బోర్డు పోతే లాక్ పడిన డిస్కులో ఉన్నదంతా డిస్కులోనే ఉండిపోతుంది.