బాండుంగ్: 29 దేశాలు కూర్చున్న హాలు చూడ్డానికి

ఇండోనేషియాలోని జకార్తా హలీమ్ స్టేషన్‌లో వూష్ అనే హైస్పీడ్ రైలెక్కి పదలరంగ్‌లో దిగండి. అక్కణ్ణుంచి చిన్న రైలు ఊరి నడిమధ్యకు తీసుకెళ్తుంది. చివరి స్టేషన్ తెగల్లువర్ దాకా పోతే మళ్లీ వెనక్కి రావాలి, శుద్ధ దండగ. ఈ లైను చాలావరకు చైనా అప్పుతో వేసింది.

ఆ హాలు పేరు గెదుంగ్ మెర్దేకా, ఒకప్పుడు డచ్చి దొరల క్లబ్బు. 1955 ఏప్రిల్ 18 నుంచి 24 దాకా ఆసియా, ఆఫ్రికా దేశాలు 29 ఇక్కడే కూర్చున్నాయి. పక్కనే మ్యూజియం, టిక్కెట్టు లేదు. సోమవారం మూసేస్తారు. ఇండోనేషియా అధ్యక్షుడు సుకార్నో ప్రారంభోపన్యాసం ఘట్టాన్ని బొమ్మలతో నిలబెట్టారు. పిల్లలు సెల్ఫీలకు అక్కడే మూగుతారు గానీ, నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ సభ ఒప్పుకున్న పది సూత్రాల పాఠం. ఐదోది దేశాలు ఒంటరిగానైనా, జట్టుగానైనా ఆత్మరక్షణ చేసుకోవచ్చంటుంది. ఆరోది ఆ జట్లను అగ్రరాజ్యాల స్వార్థానికి వాడొద్దంటుంది. ఐదోది అమెరికా కూటమిలో ఉన్న పాకిస్తాన్, టర్కీల కోసం. ఆరోది ఏ కూటమిలోనూ చేరని నెహ్రూ లాంటివాళ్ల కోసం. ఇద్దరికీ సరిపోయేలా కుట్టిన చొక్కా అన్నమాట! తూర్పు యూరప్‌లో సోవియట్లది కూడా వలస పాలనే కదా అని సిలోన్ (ఇప్పటి శ్రీలంక) ప్రధాని కొతెలావల లేవదీస్తే నెహ్రూకి ఒళ్లు మండింది. మ్యూజియంలో ఈ గొడవలు వెతుక్కోవాలి, నవ్వుతున్న ఫొటోలు మాత్రం బోలెడు. మనవాళ్లు దీన్నే అలీనోద్యమం మొదటి సభ అనేస్తుంటారు. ఆ సభ 1961లో బెల్‌గ్రేడ్‌లో జరిగింది, దాన్ని పిలిచిన యుగోస్లావియాకు ఇక్కడ కుర్చీయే లేదు.

చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఎక్కాల్సిన మన ఎయిర్ ఇండియా విమానం ‘కాశ్మీర్ ప్రిన్సెస్’ సభకు వారం ముందు బాంబు పేలి సముద్రంలో కూలింది. 16 మంది పోయారు. ఆయన అందులో ఎక్కలేదు. ఈ కథ తెలిసి వెళ్తే ఆ ఫొటోల్లో ఆయన మొహం వేరేగా కనిపిస్తుంది.

బసకు నేతలు దిగిన సవోయ్ హోమన్ అదే రోడ్డులో ఉంది. నేను కాఫీతో సరిపెట్టుకుని బ్రాగా వీధి వెనక చవక గదిలో దిగాను. గది శుభ్రమే, అర్ధరాత్రి దాకా బైకుల మోత. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు స్టేషన్‌ వైపు చూసుకోండి. శాకాహారులు వేరుశెనగ పచ్చడి కలిపిన లోతెక్ అడగండి, "తెరాసి వద్దు" అని ముందే చెప్పండి. అది ఎండు రొయ్యల ముద్ద.