పార్కుల పదేళ్ల ప్లాన్: మ్యాపుకు మార్కులు, మెయింటెనెన్స్‌కు సున్నా

మా నగర పార్కుల శాఖ తెచ్చిన పదేళ్ల ప్రణాళికను రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఐదుకి మూడు వేస్తాను.

ఆ మూడూ మ్యాపుకే. మామూలుగా పార్కు చుట్టూ వృత్తం గీసి, లోపలున్న వాళ్లందరికీ పార్కు అందినట్టే అనేస్తారు. వీళ్లు నిజంగా నడిచే దారి వెంట పది నిమిషాలు, అంటే సుమారు 800 మీటర్లు కొలిచారు. దాంతో మా వీధి సంగతి బయటపడింది. పార్కు గోడ రైలు పట్టాలకు అవతలే, కానీ చుట్టూ తిరిగి వెళ్లేసరికి అమ్మ మోకాళ్లు మొరాయిస్తాయి. 2021లో వచ్చిన 3-30-300 సూత్రాన్నీ వాడారు: ఇంటి నుంచి మూడు చెట్లు కనపడాలి, పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పచ్చని చోటు ఉండాలి. మా కిటికీలోంచి లెక్కపెట్టాను. రెండే. మూడోది పక్కింటివాళ్ల కుండీలో మొక్క!

మెయింటెనెన్స్ దగ్గరే చిరాకేసింది. కొత్త పార్కుల రంగుల బొమ్మలు పేజీల కొద్దీ ఉన్నాయి, ఉన్నవాటి గురించి ఒక్క పేరా. ఊయల గొలుసులు అరుగుతాయి, జారుడుబండ కింద రబ్బరు గట్టిపడుతుంది, నాటిన మొక్కకు మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పొయ్యాలి. ఎవరు, ఏ డబ్బుతో?

అభిప్రాయాల మీటింగు పనిరోజు పొద్దున పదకొండుకి పెట్టారు. పిల్లలు ఒక్కరూ లేరు. ఆరో ఏడాది మెయింటెనెన్స్‌కు అయ్యే ఖర్చు కూడా ప్లాన్‌లో రాయమని కాగితం ఇచ్చి వచ్చాను.