వంద పాయింట్ల ఓటింగ్: ఏడు డిసెంబర్లు వాడాక

ఫోన్లకీ ఇయర్‌ఫోన్స్‌కీ రివ్యూలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాస్తున్నది ఒక పద్ధతి గురించి. ఏడాది చివర్లో పాటల పిచ్చోళ్లు నలుగురు కూర్చుని ‘ఈ ఏడాది ఆల్బమ్ ఏది’ అన్నది తేల్చుకోవడానికి వాడే ఓటింగ్ పద్ధతి. ఏడేళ్లుగా వాడుతున్నాం. దెబ్బలాటలు ఆగలేదు గానీ, దేని గురించి దెబ్బలాడుకుంటున్నామో ఇప్పుడు తెలుస్తోంది.

మేం ఆరుగురం. మొదట్లో అందరిలాగే తలా ఒక టాప్ టెన్ రాసుకొచ్చేవాళ్లం. మొదటిదానికి పది, చివరిదానికి ఒకటి, కూడితే అయిపోయింది. గెలిచేది మాత్రం ఎప్పుడూ ఒకే రకం ఆల్బమ్: ఎవరికీ ప్రాణం కానిది, ఎవరికీ అభ్యంతరం లేనిది. ఆరు లిస్టుల్లోనూ నాలుగో చోటో ఐదో చోటో పడి ఉంటుంది, లెక్క కట్టేసరికి పైకి తేలుతుంది. ఒక ఏడాది అలా గెలిచినదాని పేరు చదవగానే ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. దాన్ని ఒకసారి పెట్టమని కూడా ఎవరూ అడగలేదు.

అప్పుడు మాలో అందరికంటే పెద్దవాడు, మేం అన్నా అని పిలిచే మనిషి, ఈ పద్ధతి పట్టుకొచ్చాడు. న్యూయార్క్ వారపత్రిక ‘విలేజ్ వాయిస్’ సంగీత విమర్శకులతో ‘పాజ్ అండ్ జాప్’ అనే పోల్ పెట్టేది. రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1971లో ఒకసారి నడిపాడు, 1974 నుంచి అది ఏటా జరిగేది. రూల్ చాలా చిన్నది. పది ఆల్బమ్‌లు, మొత్తం వంద పాయింట్లు. దేనికీ ఐదుకు తగ్గకూడదు, ముప్పై దాటకూడదు. ఎలా పంచుతావో నీ ఇష్టం.

కాగితం ముందు కూర్చుంటే గానీ ఇందులోని మెలిక తెలియదు. పదింటికీ తలా ఐదు తప్పనిసరి కాబట్టి యాభై ముందే ఖర్చయిపోయాయి. నిజంగా నీ చేతిలో ఉన్నది మిగిలిన యాభై. ఒకదానికి ముప్పై ఇచ్చావంటే అందులో సగం పోయింది. రెండింటికి ముప్పై చొప్పున ఇచ్చావా, మిగతా ఎనిమిదికీ ఐదేసి ఇచ్చి దండం పెట్టాల్సిందే. మామూలు టాప్ టెన్‌లో ఒకటికీ రెండుకీ ఎంత దూరమో తొమ్మిదికీ పదికీ అంతే దూరం. వినేవాడి మనసులో అలా ఉండదు కదా. ఒకటి నెత్తికెక్కి కూర్చుంటుంది, రెండో మూడో బాగుంటాయి, మిగతావి పర్వాలేదు. ఆ తేడా అంకెల్లోకి రావడమే ఈ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి. ఎవరు దేనికి పడిపోయారో కాగితం చూడగానే తెలిసిపోతుంది, మొహమాటానికి పెట్టిన పేర్లతో సహా.

పాత కాగితాలన్నీ దాచాను. మూడో ఏడాదిది తీస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైన ఒక ఆల్బమ్‌కి 28 వేసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. అడుగున పదో వరుసలో, ఏదో ఒకటి పెట్టాలి కదా అని పెట్టినదానికి 5. ఆ 28 దాన్ని ఫిబ్రవరి తర్వాత మళ్లీ ముట్టుకోలేదు. ఐదు పాయింట్లదాన్ని నిన్న రాత్రి కూడా విన్నాను. అందులో మూడో పాట మధ్యలో బేస్ గిటార్ ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోటికి వచ్చేసరికి చేస్తున్న పని ఆపేస్తాను.

తప్పు పద్ధతిది కాదు, నాది. 28 దాన్ని నవంబర్ ఆఖర్లో విన్నాను, మోజు తీరకముందే ఓటు వేశాను. రెండోదాన్ని అప్పటికి సరిగ్గా రెండుసార్లు విన్నాను. మళ్లీమళ్లీ ఎదురైనదాని మీద మనకు ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్ట్ 1968లోనే చూపించాడు. కొన్ని ఆల్బమ్‌లు అలా నానితే గానీ రుచి తెలియవు, కొన్ని మొదటి రోజే ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తాయి. డిసెంబర్‌లో కూర్చుని ఏది ఏదో చెప్పడం కష్టం.

అందుకే నాలుగో ఏడాది నుంచి రెండు రూల్స్ కలిపాం. ఓటు వేసే ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరి దాకా కనీసం ఐదుసార్లు వినాలి. ఇంకొకటి, అదే ఏడాదికి మళ్లీ జూన్‌లో ఓటు వేయాలి, పాత కాగితం చూడకుండా. ఇప్పటికి నాలుగు జూన్‌లు అయ్యాయి. డిసెంబర్‌లో గెలిచింది జూన్‌లో కూడా గెలవడం ఒక్కసారే జరిగింది. నన్నడిగితే జూన్ ఓటే అసలు ఓటు. కానీ డిసెంబర్‌లో ఉండే వేడి జూన్‌లో ఉండదు, ఇద్దరు వాయిదా వేస్తారు, ఒకరికి గుర్తుండదు. పోయినసారి మూడో కాగితం రావడానికి జూలై మధ్య అయింది.

ఇక అసలు లోపం. ఈ పద్ధతి వందల మంది ఓటేసే పోల్ కోసం పుట్టింది, ఆరుగురి కోసం కాదు. లెక్క చూడండి. ఆరుగురూ ఇష్టపడి తలా తొమ్మిది ఇచ్చిన ఆల్బమ్‌కి వచ్చేది యాభై నాలుగు. ఇద్దరు మాత్రమే విని చెరో ముప్పై ఇచ్చినదానికి అరవై. అంటే ఇద్దరు కూడబలుక్కుంటే చాలు, మిగతా నలుగురూ ఉన్నా లేనట్టే.

ఐదో ఏడాది అదే జరిగింది. మాలో డ్రమ్స్ వాయించేవాడు, వాడి పక్కనే కూర్చునే ఇంకొకడు, ఇద్దరూ ఒకే ఆల్బమ్‌కి ముప్పై పెట్టారు. అంతవరకూ ఓకే. మేం నలుగురం ఆ ఏడాదంతా మోసిన ఆల్బమ్ ఆ ఇద్దరి లిస్టుల్లో ఎక్కడా లేదు. వాళ్లు అది ఇష్టంగా వినడం మేమంతా చూశాం.

“ఒరేయ్, నువ్వు ఆల్బమ్‌లు వినలేదురా, లెక్కలు చేశావు,” అన్నాం డ్రమ్స్ వాడితో.

“ముప్పై దాకా ఇవ్వొచ్చన్నారు, ఇచ్చాను. ఇందులో తప్పేముంది?”

“మరి దానికి ఐదు కూడా ఎందుకు లేవు?”

“పదకొండోది అయింది. ఏం చేయమంటావ్?”

వారం రోజులు గ్రూప్‌లో ఎవరూ పాట పంపలేదు. తర్వాత అన్నే దారి చూపించాడు. ఆ పత్రికలో పాయింట్లతో పాటు ఎంతమంది ఓటేశారో కూడా పక్కనే వేసేవారట. మేమూ ఇప్పుడు రెండూ చదువుతాం: ‘అరవై, ఇద్దరు’, ‘యాభై నాలుగు, ఆరుగురు’ అని. విజేత ఏదన్నది వినేవాళ్లకే వదిలేశాం. ఇంకో జాగ్రత్త, ముప్పై దేనికిచ్చామో కాగితాలు విప్పేదాకా ఎవరూ బయటపెట్టకూడదు.

తేదీల పేచీ ఇంకొకటి. డిసెంబర్ మధ్యలో వచ్చిన ఆల్బమ్ ఏ ఏడాదిది? పెద్ద పోల్స్‌కీ ఈ తలనొప్పి ఉంది. అమెరికన్ గాయకుడు డి’ఏంజెలో ఆల్బమ్ ‘బ్లాక్ మెసయా’ 2014 డిసెంబర్ 15న వచ్చింది, అప్పటికే చాలా పత్రికల లిస్టులు అచ్చయిపోయాయి. పాజ్ అండ్ జాప్ ఓట్లు ఆలస్యంగా తీసుకోబట్టి అందులో మాత్రం ఆ ఏడాదికి అదే మొదటిది. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద క్లాష్ ఆల్బమ్ ‘లండన్ కాలింగ్’ కథ ఇంకా తమాషా. బ్రిటన్‌లో 1979 డిసెంబర్‌లో, అమెరికాలో 1980 జనవరిలో వచ్చింది. 1980 పోల్‌లో మొదటి స్థానం దానిదే, తర్వాత ‘రోలింగ్ స్టోన్’ పత్రిక దాన్ని ఎనభైల దశాబ్దానికే మొదటి ఆల్బమ్ అంది. ఏ దేశంలో కూర్చుని లెక్కపెడితే ఆ దశాబ్దం! మేం డిసెంబర్ ఒకటి నుంచి నవంబర్ ముప్పై దాకా ఒక ఏడాది అనుకున్నాం. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు కాబట్టి అదే సరైనదనుకుంటా.

సినిమా పాటలు ఆల్బమ్ కిందికి వస్తాయా అని రెండేళ్లు వాదించుకున్నాం. హాలీవుడ్ సినిమా పాటల ఆల్బమ్‌లే అయిన ‘సాటర్డే నైట్ ఫీవర్’కి 1979లో, ‘ది బాడీగార్డ్’కి 1994లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ అవార్డు ఇచ్చారు కదా అన్నాక వాదన ఆగింది. గ్రామీల మీద నాకేమీ పెద్ద గౌరవం లేదు, నోళ్లు మూయించడానికి మాత్రం బాగా పనికొచ్చాయి.

మేమెవ్వరం ఊహించని చిక్కు సౌండ్‌ది. ఓటింగ్‌కి ముందు ఒక సాయంత్రం అందరం కలిసి తలా ఒక పాట వినిపించుకుంటాం. మొదటి మూడేళ్లు అక్కడ ఎప్పుడూ గట్టిగా మోగే రికార్డింగులే నెగ్గేవి. ఒకసారి నేను, పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడే ఒక నెమ్మదైన పాట పెట్టాను. దాని వెనకే ఇంకొకడు గోడలు అదిరే పాట పెట్టాడు. నాది తడిసిన టపాకాయలా అయిపోయింది. రెండింటిలో కాస్త సౌండ్ ఎక్కువున్నదే చెవికి బాగున్నట్టు అనిపించడం రికార్డింగ్ స్టూడియోల్లో అందరికీ తెలిసిన సంగతే, మాకే ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు పాటల యాప్‌లో సౌండ్ సమం చేసే ఆప్షన్ ఆన్ చేసి, దాని మీద ఒకరు వాల్యూమ్ దగ్గర కూర్చుని చెవితో సరిచేస్తారు. ఒక్క దీనివల్లే ఫలితాలు ఎంత మారాయో చెప్పలేను.

ఏది ఎన్నిసార్లు విన్నామో యాప్ చూపించే ప్లే కౌంట్లని సాక్ష్యంగా ఒప్పుకోం. నా లెక్కలో పైనున్నది, పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునే ఆల్బమ్. దాన్ని నేను వింటున్నానని కూడా అనలేను. షఫుల్‌లో, అంటే పాటల వరస కలిపేసి, విన్నవాళ్ల ఓటూ చెల్లదు. 2021లో గాయని అడెల్ అడిగిన మీదటే స్పాటిఫై యాప్ ఆల్బమ్ పేజీల్లో ప్రధాన ప్లే బటన్‌లోంచి షఫుల్‌ని తీసేసింది. పాటల వరసకి ఒక కథ ఉంటుందని ఆవిడ చెప్పింది, నాకూ అదే నమ్మకం.

ముగ్గురే ఉంటే ఈ పద్ధతి వద్దు, కాఫీ టేబుల్ దగ్గర మాట్లాడుకుంటే సరిపోతుంది. పదిహేను మంది దాటితే కూడబలుక్కునే గొడవ దానంతటదే పలచబడుతుంది. మా ఆరుగురి లాంటి వాళ్లకి అది ఎప్పుడూ ఉంటుంది, తెలిసే వాడుతున్నాం.

ఈ ఏడాది కాగితం బల్ల మీదే ఉంది. ఎనిమిది పేర్లు పడ్డాయి, 83 పాయింట్లు అయిపోయాయి. మిగిలిన రెండింటికీ కలిపి పదిహేడు. 12, 5 అని రాశాను. మూడో ఏడాది కాగితం గుర్తొచ్చి రుద్దేసి 9, 8 అని రాశాను. ఇందాక అన్న ఫోన్ చేసి, “ముప్పై దేనికిచ్చావురా?” అన్నాడు. చెప్పలేదు.