హోటల్ గదికి డబ్బు కట్టేశాక కూడా కౌంటర్ దగ్గర నా మూడు రోజుల ఖర్చు డబ్బు పోయింది: జాగ్రత్త!

ఖరీదైన నగరానికి రెండు మూడు రోజుల కోసం వెళ్తూ, గది ముందుగానే కొనేసి, పెద్ద ఖర్చు తీరిపోయిందని నిశ్చింతగా ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే నిశ్చింతగా బయల్దేరాను. హోటల్లో అడుగుపెట్టిన పావుగంటకు, మూడు రోజులకని విడిగా పెట్టుకున్న డబ్బు దాదాపు మొత్తం పోయింది.

లెక్క సులువుగా అర్థం కావడానికి గది అద్దె రాత్రికి 100 అనుకుందాం. మిగతా అంకెలన్నీ ఆ కొలతలోనే చెబుతాను. మూడు రాత్రులకు 300, బుకింగ్ సైట్‌లో ముందే కట్టేశాను. చుట్టుపక్కల హోటళ్లన్నీ 130, 140 చెబుతుంటే ఇది 100కే కనిపించింది. తిండికి, ప్రయాణాలకు, టికెట్లకు కలిపి 260 డెబిట్ కార్డు ఖాతాలో ఉంచాను. క్రెడిట్ కార్డు కావాలనే ఇంట్లో వదిలేశాను, చేతిలో ఉంటే ఖర్చు అదుపు తప్పుతుందని. ఈ నిర్ణయమే తర్వాత నన్ను కట్టిపడేసింది.

వెళ్లింది నేనూ అమ్మా. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చాం. అమ్మ రిసెప్షన్ పక్కనే సూట్‌కేసు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. కౌంటర్‌లోని అబ్బాయి పాస్‌పోర్టులు చూసి, ఒక కాగితం నా ముందుకు జరిపాడు. సౌకర్యాల రుసుము రాత్రికి 22 చొప్పున 66. నగర పన్ను మనిషికి, రాత్రికి 4 చొప్పున ఇద్దరికీ 24. డిపాజిట్ రాత్రికి 50 చొప్పున 150. మొత్తం 240. అద్దె కట్టేశాను కదా అన్నాను. "అది గదికి మాత్రమేనండీ" అన్నాడు.

ఆ సౌకర్యాలేమిటని అడిగితే వైఫై, వ్యాయామశాల, గదిలో రెండు మంచినీళ్ల సీసాలు అన్నాడు. అవేవీ నాకు వద్దు, తీసేయండి అన్నాను. వాడినా వాడకపోయినా కట్టాల్సిందేనట. గది తాళం ఇంకా అతని చేతిలోనే ఉంది. వెనక నలుగురు వరుసలో ఉన్నారు. రాత్రంతా నిద్రలేని మనిషి అలాంటి చోట వాదించలేడు. ఈ రుసుము అక్కడే, అప్పుడే వసూలు చేయడానికి కారణం అదేనని నాకు ఇప్పుడు బాగా తెలుసు.

తర్వాత జరిగింది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ దయచేసి ఇక్కడ ఆగి చదవండి. అతను కార్డు మెషిన్ నా వైపు తిప్పాడు. తెర మీద రెండు వరుసలున్నాయి: పైన ఆ దేశపు కరెన్సీలో మొత్తం, కింద మన కరెన్సీలో మొత్తం. "మీ కరెన్సీలోనే కట్టేయండి, ఎంత పోయిందో మీకే తెలుస్తుంది" అన్నాడు మర్యాదగా. ఇల్లు వదిలాక తెలిసిన అంకెలు కనిపించడం అదే మొదటిసారి. ప్రాణం లేచి వచ్చినట్టయి కింది వరుస నొక్కి, పిన్ కొట్టేశాను. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారని అప్పటికి నాకు తెలియదు. ఇందులో డబ్బు మార్చేది మన బ్యాంకు కాదు, ఆ దుకాణం తరఫున పనిచేసే మరో సంస్థ. రేటు వాళ్లిష్టం, అందులో మిగిలే లాభంలో దుకాణానికీ వాటా ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ రోజు కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థ) ఇచ్చిన రేటుతో పోల్చి చూస్తే నేను 6 శాతం ఎక్కువ కట్టాను. అంటే 240 బదులు 254 పైచిలుకు. 260లో మిగిలింది ఆరు కూడా లేదు.

పర్సులో కొన్ని నోట్లుండబట్టి ఆ మూడు రోజులూ తిన్నాం. ఆ ఊళ్లో అమ్మ చూడాలనుకున్నది ఒకే ఒక్క మ్యూజియం. ఏళ్ల తరబడి దాని గురించి చదువుతూ వచ్చింది. గుమ్మం దగ్గరిదాకా వెళ్లాం. నేను పర్సు తెరిచి లెక్కపెట్టుకోవడం చూసి, "కాళ్లు నొప్పిగా ఉన్నాయి, బయటి నుంచి చూశాం కదా, చాల్లే" అంది. ఆవిడ కాళ్లకు ఏ నొప్పీ లేదని నాకు తెలుసు. బయటి మెట్ల మీద అరగంట కూర్చుని వచ్చేశాం. పోయిన డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ అరగంటే, ఇది రాయిస్తున్నదీ అదే.

తిరిగొచ్చాక అందరికీ ఫిర్యాదు చేశాను. బుకింగ్ సైట్ వాళ్లు నా బుకింగ్ పేజీలోనే, ధర కింద మూడుసార్లు నొక్కి తెరిస్తే గానీ కనిపించని ఒక వాక్యం చూపించారు: హోటల్ అక్కడ అదనపు రుసుములు వసూలు చేయవచ్చు. ఎంతో మాత్రం అందులో లేదు. బ్యాంకు వాళ్లు రశీదు పంపమన్నారు. అప్పుడు మొదటిసారి దాన్ని చివరిదాకా చదివాను. కరెన్సీ ఎంచుకునే అవకాశం నాకు ఇచ్చారని, నేను ఒప్పుకున్నానని అడుగున చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల ప్రకారం ఆ ఎంపిక కార్డు యజమానిదే. ఎంచుకున్నది నేనే కాబట్టి ఫిర్యాదు నిలవలేదు. అందుకే రెండు వరుసలు కనిపించినప్పుడు ఆ దేశపు కరెన్సీనే నొక్కండి. మిమ్మల్ని అడగకుండా వాళ్లే మన కరెన్సీ నొక్కేస్తే, పిన్ కొట్టకుండా రద్దు చేయించి మళ్లీ మొదలుపెట్టించండి. ఏటీఎంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది, జవాబూ ఇదే.

డిపాజిట్ సంగతి ఇంకా ఉంది. డిపాజిట్ అంటే కొంత సొమ్మును హోల్డ్‌లో పెట్టి, అంటే తీసుకోకుండా కార్డులోనే ఆపి ఉంచి, గది ఖాళీ చేశాక వదిలేస్తారని అందరం అనుకుంటాం. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పెడితే మన పరిమితిలో కొంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు మీద పెడితే ఖాతాలోని మన సొంత డబ్బే కదలకుండా ఆగిపోతుంది. నా విషయంలో అది హోల్డ్ కూడా కాదు. 240నీ ఒకే మొత్తంగా, కొనుగోలు కింద కోసేసి, 150ని తర్వాత రీఫండ్ చేశారు. అది పదకొండు రోజులకు వచ్చింది. వెళ్లేటప్పుడు ఒక రేటు, తిరిగొచ్చేటప్పుడు ఇంకో రేటు. డిపాజిట్ మొత్తం తిరిగి ఇచ్చామని హోటల్ వాళ్లు అంటారు, వాళ్ల కరెన్సీలో అది నిజమే. నా ఖాతాలో మాత్రం తక్కువే పడింది.

నగర పన్నును నేను తప్పుపట్టను. అది ప్రభుత్వానికి చెందేది, ముందుగా తెలుసుకోకపోవడం నా పొరపాటు. ఒక్కో ఊరికీ ఒక్కో పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది ధరలో 12.5 శాతం. రోమ్‌లో హోటల్ స్థాయిని బట్టి మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటుంది. పారిస్‌లో 2024లో బాగా పెంచారు. వెనిస్‌లో అయితే ఊళ్లో బస చేయకుండా పగలు చూసి వెళ్లిపోయేవారికి కూడా కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము ఉంది, 2024 ఏప్రిల్ 25న మొదలైంది. 2025లో, వెళ్లే రోజు దగ్గరపడ్డాక కొన్నవారికి దాన్ని రెట్టింపు చేశారు. ఇవన్నీ ఆయా నగరాల అధికారిక వెబ్‌సైట్లలో ఉంటాయి, పది నిమిషాల పని.

సౌకర్యాల రుసుము, కొన్నిచోట్ల రిసార్ట్ ఫీజు అనేది, మాత్రం వేరు. అది అచ్చంగా గది అద్దెలోని ఒక ముక్క. వెతుకులాటలో ధర చౌకగా కనిపించాలని దాన్ని విడగొట్టి దాచుతారు. నా 100 గది నిజానికి 122 గది. ఈ మోసం ఎంత ముదిరిందంటే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏకంగా ఒక నిబంధనే తెచ్చింది. 2025 మే 12 నుంచి అక్కడి హోటళ్లు, స్వల్పకాలిక అద్దె ఇళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే ప్రముఖంగా చూపాలి. ప్రభుత్వ పన్నులను మాత్రం విడిగా చూపవచ్చు. అన్ని దేశాల్లోనూ ఇలాంటి రక్షణ లేదు కాబట్టి మనమే అడగాలి.

ఇప్పుడు నేను ఎక్కడ గది చూసినా, డబ్బు కట్టేముందు నేరుగా హోటల్‌కు మెయిల్ పంపుతున్నాను. మొదట్లో ఫోనులో అడిగేదాన్ని. ఫోనులో చెప్పిన మాటను కౌంటర్ దగ్గర చూపించలేం. నేను రాసేది ఇదే, కావాలంటే యథాతథంగా వాడుకోండి:

"ఇన్నో తేదీ నుంచి ఇన్నో తేదీ వరకు ఇద్దరికి గది తీసుకోవాలనుకుంటున్నాము. అద్దె కాక మీ దగ్గర చెల్లించాల్సిన ప్రతి రుసుము, ప్రతి పన్ను ఎంతో విడివిడిగా తెలపండి. డిపాజిట్ ఎంత? అది హోల్డా, లేక కోత వేసి తిరిగి ఇస్తారా? ఎన్ని రోజులకు? డెబిట్ కార్డు తీసుకుంటారా? స్థానిక కరెన్సీలోనే చెల్లిస్తాము."

వచ్చిన జవాబును అచ్చు తీయించి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకుంటాను. డిపాజిట్ కోసమని ఒక క్రెడిట్ కార్డును విడిగా పెట్టుకుంటాను, దాంతో ఇంకేమీ కొనను. తిండి డబ్బు, టికెట్ల డబ్బు వేరే ఖాతాలో ఉంటాయి. కౌంటర్ దగ్గర ఆ రెండో కార్డు బయటికి తీయను.

అదే ఊరికి మళ్లీ వెళ్లడానికి పోయిన వారం నాలుగు హోటళ్లకు ఈ మెయిల్ పంపాను. ఇద్దరు అంకెలతో సహా వివరంగా రాశారు. ఒకరు "వచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు, నాలుగో వారు ఇంతవరకు పలకలేదు. ఆ ఇద్దరిలో ఒకరి దగ్గర గది తీసుకున్నాను. రాత్రికి 125, అన్నీ కలిపి. మ్యూజియం టికెట్లు మాత్రం గదికన్నా ముందే కొనేశాను.