పెద్దవారి కోసం కీర్తనల పెన్‌డ్రైవ్ కొంటున్నారా? జాగ్రత్త

అందరికీ వందనాలు. వినికిడి తగ్గిన పెద్దవారి కోసమో, శబ్దాలకు బెదిరిపోయే పిల్లల కోసమో కీర్తనల పెన్‌డ్రైవ్ కొనాలనుకునేవారు ముందు నాకు జరిగింది చదవండి.

గత నెల సువార్త సభల దగ్గర ఒక స్టాలులో 650 రూపాయలు పెట్టి 48 పాటల పెన్‌డ్రైవ్ కొన్నాను. అట్ట మీద 'ప్రశాంత ధ్యానానికి పాత కీర్తనలు' అని ఉంది. అమ్మకు 74 ఏళ్ళు, రెండు చెవులకూ వినికిడి యంత్రాలు. తెల్లవారుజామున అయిదింటికి లేచి ఒక కీర్తన వినందే ప్రార్థన మొదలుపెట్టదు.

మొదటి పాట పాత క్యాసెట్ నుంచి ఎక్కించినది. హార్మోనియం, ఒక్క గొంతు. సన్నగా ఉందని అమ్మే స్పీకర్ శబ్దం పెంచుకుంది. రెండోది కొత్త రికార్డింగు. పల్లవి ఎత్తుకోవడంతోనే డ్రమ్స్, టాంబరిన్, గొంతు వెనక గొంతుగా ప్రతిధ్వని. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మ కుడి చెవి యంత్రం లాగి మంచం మీద పడేసింది. రెండు అరచేతులతో చెవులు మూసుకుని కూర్చుంది, కళ్ళలో నీళ్ళు. ఆ పూట ప్రార్థన జరగలేదు.

వెనక్కి ఇవ్వబోతే స్టాలు ఆయన, "అమ్మగారికి సరిగా వినిపించదన్నారు కదా సిస్టర్, పెద్దగా ఉంటేనే మంచిది" అన్నారు. డబ్బు ఇవ్వలేదు. డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మన ఇళ్ళలో చాలామంది అలాగే అనుకుంటారు. వయసుతో వచ్చే చెవుడులో సాధారణంగా లోపలి చెవిలో మెల్లని శబ్దాలను పెంచి అందించే రోమకణాలు దెబ్బతింటాయి. అందుకే చిన్న శబ్దం వినిపించదు, పెద్ద శబ్దం మాత్రం మామూలు చెవికి తగిలినంత గట్టిగానే తగులుతుంది. వినబడే స్థాయికీ భరించలేని స్థాయికీ మధ్య జాగా ఇరుకైపోతుంది. దీన్ని రిక్రూట్‌మెంట్ అంటారని అమ్మను చూసే ఆడియాలజిస్టు చెప్పారు. మామూలు శబ్దాలే భరించలేనంత గట్టిగా అనిపించే హైపరాక్యూసిస్ ఉన్నవారికి, ఆటిజం ఉన్న కొందరు పిల్లలకు కారణాలు వేరు కావచ్చు, కానీ ఇలాంటి రికార్డింగు వారినీ బాధపెట్టవచ్చు.

ఆ రాత్రి పాటలను కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో తెరిచి చూశాను. క్యాసెట్ పాటల్లో శబ్దాన్ని చూపే గీత సన్నగా ఎగుడుదిగుడుగా ఉంది. కొత్తవాటిలో పైనుంచి కిందికి గోడ కట్టినట్టు నిండిపోయి, అంచులు కత్తిరించినట్టు ఉన్నాయి. కొలిస్తే అవి మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత; సున్నాకు దగ్గరైనకొద్దీ గట్టి, ఒక్కో అంకె తేడా ఒక డెసిబెల్) దగ్గర, క్యాసెట్ పాటలు మైనస్ 20 దగ్గర ఉన్నాయి. పది డెసిబెల్స్ పెరిగితేనే శబ్దం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది, ఇక్కడ తేడా పదమూడు!

నేను మోసపోయింది ఇంకోచోట కూడా. కొనేముందు ఇవే పాటల్లో రెండు యూట్యూబ్‌లో విన్నాను, బాగానే అనిపించాయి. యూట్యూబ్ మరీ పెద్దగా ఉన్న పాటను సుమారు మైనస్ 14కు తగ్గించి వినిపిస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని పాటను అలా తగ్గించేవారు ఎవరూ లేరు. కాబట్టి ఆన్‌లైన్‌లో విని కొనకండి. స్టాలులోనే వరసగా నాలుగు పాటలు పెట్టించండి, మధ్యలో శబ్దం మీట ముట్టుకోనివ్వకండి. వాద్యాలన్నీ కలిసేది సాధారణంగా పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు, అక్కడిదాకా వినండి. మీటమీద చెయ్యి పోతోందంటే ఆ పెన్‌డ్రైవ్ అక్కడే పెట్టేసి రండి. 'ప్రశాంతం' అని అట్ట మీద ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

ఇప్పటికే కొన్నవారు ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో పాటలన్నిటినీ ఒకే స్థాయికి తేవచ్చు. నేను అదే చేశాను. పాటకూ పాటకూ మధ్య ఆ దెబ్బ తప్పింది. టాంబరిన్ గరగర, ప్రతిధ్వని మాత్రం పోలేదు, కత్తిరించుకుపోయిన అంచులు తిరిగి రావు. ఆ 48లో అమ్మ ఇప్పుడు వింటున్నవి పదకొండు, అన్నీ క్యాసెట్ నుంచి ఎక్కించినవే.